కుట్టుకొట్టు నేలకి మీసాల చేపలు

పిల్లలూ, అయస్కాంతానికి గుండుసూది అంటుకుంటుందా, అంటుకోదా? అందరూ ఒకేసారి అరవకండి. ఇనుపదైతే అంటుకుంటుంది, ఇత్తడిదైతే అంటుకోదు. ఇనుపసూది తుప్పుపట్టి తెల్లబట్ట మీద మచ్చ పెడుతుందని కొందరు దర్జీలు ఇత్తడివే వాడతారు. ఈ కథలో చిక్కంతా అక్కడే వచ్చింది.

ఒక అత్తగారూ కోడలూ కుట్టుకొట్టు నడిపేవారు. అత్తగారిది కత్తెర, కోడలిది మిషను. కిటికీ పక్కన గాజు అక్వేరియం. పొద్దున్నే మూత తీయగానే చేపలు గదిలోకి ఈదుకుంటూ వచ్చేవి. పైనీళ్ళలో తిరిగేవి ఫ్యాను దగ్గర, మధ్యనీళ్ళవి అద్దం ఎత్తున. కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళు మొహానికి అడ్డొచ్చిన చేపని పక్కకి జరిపి, "చేతులు కాస్త వదులుగా పెట్టండి" అనేవారు. సాయంత్రం మేత వేస్తే అన్నీ తొట్టిలోకి వెళ్ళిపోయేవి.

నేలమీద తిరిగే చేప మాత్రం లేదు. కోడలి కొడుకు పాకడం మొదలెట్టేదాకా ఆ లోటు ఎవరికీ పట్టలేదు.

ఒకరోజు వాడి గుప్పిట విప్పితే గుండుసూది! నోటికి జానెడు దూరం. కోడలు సూది లాక్కుని మిషను మీద గుడ్డ కప్పేసింది.

"వీడు బడికెళ్ళేదాకా నేనింక రాను అత్తయ్యా. నా చోట్లో ఇంకెవర్నైనా పెట్టుకోండి."

"అన్నేళ్ళా! కాజాలు కుట్టే చెయ్యి మొద్దుబారిపోదూ?"

"బారనీండి. వీడికన్నా కాజాలు ఎక్కువా?" అంది గానీ, కళ్ళు మిషను మీదే ఉన్నాయి.

అత్తగారు ఊడ్చారు. అయస్కాంతం తిప్పారు. చెక్కనేల సందుల్లో దూరిన ఇత్తడిసూది ఒక్కటీ కదల్లేదు. సోమవారం నుంచి కొత్తావిడ రావడానికి మాటైపోయింది. శనివారం అత్తగారు మెళ్ళో టేపుతోనే చేపల కొట్టుకి వెళ్ళారు.

"అడుగున తిరిగే చేప కావాలి బాబూ. తడుముకోడానికి మీసాలు బారుగా ఉండాలి" అంటూ చారల క్యాట్‌ఫిష్ ఒకదాన్ని గాజు మీంచే టేపుతో కొలిచారు. "మూడంగుళాలు, మీసం ఇంకో రెండు. ఇదిచ్చెయ్."

"పిల్లల గౌనుకి లోపల మడత ఎందుకు వదుల్తారమ్మా?" అని అడిగాడు కొట్టాయన.

"ఎదుగుతారని."

"ఇదీ ఎదుగుతుంది. మూరెడవుతుంది. మీ ఫ్యాను దగ్గర చేపల్ని మింగి, త్రేన్చి, మీసం దువ్వుకుంటుంది."

అత్తగారు నాలిక కరుచుకున్నారు. ఊరి పిల్లలందరికీ మడత వదిలిన మనిషి, చేపకి మర్చిపోయారు చూశారా!

కొట్టాయన బొటనవేలంత చేపల్ని చూపించాడు. పొట్టి మీసాలు, బొద్దు మొహాలు. "వీటిని కోరీలంటారు. ఎవరి జోలికీ పోవు. ఒక్కటే ఉంటే బెంగపడి మూల నక్కుతుంది, ఆరు తీసుకోండి. గరుకు రాళ్ళు తీసేసి మెత్తని ఇసక పొయ్యండి, లేకపోతే మీసాలు దెబ్బతింటాయి. ఇంకో మాట. మిగిలిపోయిన మేతే తిని బతుకుతాయిలే అనుకోకండి. అడుక్కి మునిగే బిళ్ళలు వీటికి వేరే వెయ్యాలి."

"పనిచేసేవాళ్ళ కడుపు మాడుస్తామా బాబూ!"

సోమవారం పొద్దున మూత తీశారు. కొత్తావిడ గుమ్మంలో గొడుగు ముడుస్తోంది. కోడలు పిల్లాణ్ణి చంకనేసుకుని, తన సామాను తీసుకెళ్దామని వచ్చింది. ఆరు కోరీలూ వరసగా నేలకి దిగాయి. చెక్కల సందుల్లో మీసాలు పెట్టి తడుముతూ, దొరికిన సూదినల్లా పెదాలతో పైకి లాగి, అత్తగారు నేలమీద పెట్టిన రేకుడబ్బాలో వేశాయి. టింగు. మళ్ళీ టింగు. మిషను కింద నుంచే పదకొండు వచ్చాయి. రెండోసారి గదంతా తిరిగాయి. ఈసారి డబ్బా మోగలేదు.

కోడలు పిల్లాణ్ణి అత్తగారికిచ్చి, మోకాళ్ళ మీద కూచుని నేలంతా అరచేత్తో నిమిరింది. ఏదీ గుచ్చుకోలేదు. అప్పుడు వాణ్ణి కిందికి దించింది. వాడు కిలకిలా నవ్వుతూ పాకాడు. వాడికి బారెడు ముందు ఆరు చేపలూ దారి తడుముతూ సాగాయి.

"మీకు కాజాలొచ్చా?" అని కొత్తావిణ్ణి అడిగింది కోడలు.

"అదొక్కటే రాదండీ."

"అయితే ఆ స్టూలు ఇటు లాక్కోండి, నేర్పుతాను" అని మిషను మీద గుడ్డ లాగేసి, తన చోట్లో తను కూచుంది.

సరే, నేను లేస్తున్నా. బకెట్లో పిండిన బట్టలు సగమే ఆరేశాను.