జవాబు క్యాసెట్

నా కొడుకు రాజేశం పాటల క్యాసెట్ తీశాడు. పాటలంటే పాటలు కావు. రాగం లేదు. మిషన్‌లోంచి డప్పులాంటి దరువు వస్తుంటే దాని మీద గడగడ మాట్లాడతాడు. రాప్ అంటారట. దుబాయిలో రెండేళ్లు బట్టలు ఇస్త్రీ చేసి, పక్క మంచం సూడాన్ వాడి దగ్గర ఇది నేర్చుకొచ్చాడు. బంగారం తెచ్చుకున్నవాళ్లను చూశాను. దీన్ని తెచ్చుకున్నవాణ్ణి వీణ్ణే చూశాను.

అది 1996 ఎండాకాలం. కరీంనగర్‌లో ఒక దర్జీ దుకాణం మీద గది అద్దెకు తీసుకుని దాన్నే స్టూడియో అన్నాడు. వెనక ఏ కంపెనీ లేదు. రాసేది, మాట్లాడేది, రికార్డు చేసేది అన్నీ వాడే. ఎనిమిది అయ్యాయని, తొమ్మిదోది నేను విని తీరాలని కబురు పెట్టాడు. హుజూరాబాద్‌లో బస్సెక్కి వెళ్లాను.

గోడల నిండా గొంగళ్లు వేలాడుతున్నాయి. చప్పుడు రికార్డవుతుందని ఫ్యాన్ ఆపి, కిటికీలు మూశాడు.

"గిది స్టూడియోనా, గొర్లదొడ్డా?" అన్నాను.

"గొర్లకు గాలన్న ఉంటది బాపూ. కూసో."

ముందు ఒకటి వినిపించాడు. గల్ఫ్ క్యాంపుల్లో ఒకదాని మీద ఒకటిగా ఉండే మంచాల మీద కట్టింది. నేనూ ఆ మంచాల మీద పడుకున్నవాణ్ణే. ఒక్క మాటా అబద్ధం లేదు.

"ఎట్లుంది?"

"ఊపిరి తీసుకుంట మాట్లాడరా. ఎవలన్న తరుముతున్నరా?"

నవ్వాడు. తర్వాత సొరుగులోంచి ఒక పాత క్యాసెట్ తీసి బల్ల మీద పెట్టాడు. దాని మీద నీలం పెన్నుతో లస్మవ్వ అని రాసి ఉంది. రాత నాది.

లస్మవ్వ నా భార్య. నేను 1984లో మస్కట్ పోయాను. ఆమెకు రాయడం రాదు. చెప్పాల్సింది క్యాసెట్‌లో నింపి, మా వైపు నుంచి వచ్చేవాళ్లతో పంపేది. నేను విని, మళ్లీ మొదటికి తిప్పి, ఆమె మాటల మీదే నా జవాబు నింపి పంపేవాణ్ణి. మావాళ్లంతా అట్లాగే చేసేవారు. ఒక్క క్యాసెట్ ఏడాది తిరిగేది. అందుకే ఆమె గొంతు నా దగ్గర మిగల్లేదు.

1986లో ఆమె పోయింది. నాలుగు నెలలకు నేను వచ్చాను. రాగానే ఆమె తమ్ముడు అంతయ్యను కులపోళ్ల ముందు నిలబెట్టాను. "నా పెండ్లానికి గింత రోగముంటె నాకెందుకు చెప్పలే?" అని అడిగాను. అంతయ్య తల దించుకున్నాడు తప్ప నోరు తెరవలేదు. నేను మళ్లీ మస్కట్ పోతే రాజేశాన్ని పెంచింది అతనే. అయినా పదేళ్లుగా ఆ ఇంట్లో నేను మంచినీళ్లు ముట్టలేదు.

"గిది మామ ఇచ్చిండు," అన్నాడు రాజేశం. "అవ్వ గొంతేమన్న ఉన్నదా అని అడిగితె తీసిచ్చిండు. అవ్వ పోయిన మూడోదినం వచ్చిందట."

మీట నొక్కాడు. పదేళ్ల కిందటి నా గొంతు వచ్చింది.

"లస్మీ, నీ క్యాసెట్ అందింది. కడుపుల గడ్డ అంటున్నవు, ఆపరేషన్ అంటున్నవు. డాక్టర్లు గట్లనే భయపెడ్తరు. నకరాలు చెయ్యకు, గోలీలు మింగు. సెలవు అడిగితె ఇస్తరు. గాని నీ కడుపునొప్పికి నా సెలవు పాడుచేసుకోను. ఉంట."

అంతే. నేను ఎక్కువ మాట్లాడే మనిషిని కాను. టక్కుమని చప్పుడైంది. వెంటనే లస్మవ్వ మాట్లాడింది. నా జవాబు ఆమె కబురు కంటే చిన్నది. నేను చెరపని తోక అట్లాగే మిగిలిపోయింది.

"...బర్రె ఈనింది. ఆడదూడ. నీ లెక్కనే, పిలిస్తె పల్కది. ఇంకోటి చెప్త, ఇను. జవాబుల జర ఎక్కువ మాట్లాడు. నీది గింతల అయిపోతది. అయిపోంగనే మల్ల నా గొంతే వస్తది. నా మాట నాకే చెప్తవా?"

టేపు ఖాళీగా తిరిగింది. వాడు ఆపాడు.

"గిదే తొమ్మిదోది. దీని మీద నేనేం మాట్లాడ. కింద ఉట్టి దరువు పెడ్త."

"నలుగురు ఇంటరురా."

"ఇంటరు."

"మీ మామ పదేండ్లు ఎందుకు దాచిండు?"

"తల్లి పోయింది, తండ్రి మీదన్న పోరనికి మనసుండనీ అనుకున్నడట." వాడు నా ముఖం చూడలేదు. "ఒక్కటడుగుత బాపూ. మామ ఇంటికి పో. తప్పు మాట అన్న అని చెప్పు. కులపోళ్లు వద్దు, ఎవలొద్దు, నువ్వొక్కనివే. చెప్పొస్తె గిది తీసేస్త. క్యాసెట్ నీ చేతుల పెడ్త."

తిరుగు బస్సు అంతయ్య ఊరి మీదుగానే పోతుంది. దిగాను. అంతయ్య గడప ముందు మోటారు విప్పుకుని కూర్చున్నాడు. నన్ను చూసి లేచాడు. చేతుల నిండా నూనె.

"రాజేశం పంపిండా బావా?"

"ఎవలు పంపలే. బస్సు చెడిపోయింది, దిగిన."

మా వెనక రోడ్డు మీద అదే బస్సు హారన్ కొట్టుకుంటూ పోయింది. ఇద్దరమూ విన్నాం. అతను చేతులు తుడుచుకుని లోపలికి వెళ్లి, చెంబుతో నీళ్లు తెచ్చి నా ముందు పట్టుకున్నాడు.

"నీళ్లు తాగు బావా. ఇంకేం చెప్పకు. నీళ్లు తాగు, చాలు."

మే నెల, మిట్టమధ్యాహ్నం. నాలుక అంగిట్లో అతుక్కుపోయింది.

"దూప లేదు," అన్నాను.

అక్కడి నుంచి మా ఊరు నాలుగు మైళ్లు. నడిచాను.

దసరాకు వాడి క్యాసెట్ వచ్చింది, తొమ్మిదోదాంతో సహా. హుజూరాబాద్ బస్టాండులో పాటల డబ్బావాడు పొద్దంతా అదే వేస్తున్నాడు. మా ఊళ్లో నాతో మాట్లాడేవాళ్లు ముందే తక్కువ. ఇప్పుడు వాళ్లూ మాట్లాడటం లేదు. రాజేశం ఇంటికి రావడం లేదు. నేను పిలవలేదు.

నేనూ ఒకటి కొన్నాను. ఆమె గొంతు రావాలంటే ముందు నా గొంతు మొత్తం వినాలి. ముందుకు తిప్పితే ఆమెదీ దాటిపోతుంది. అందుకని తిప్పను.