ఏడేళ్లు దాటాక

కొత్తగూడలో ఫ్లైఓవర్ కింద ఉమాశ్రీ బెండకాయలు ఏరుకుంటుండగా ఫోన్ మోగింది.

"మేడమ్, నేను రాకేశ్‌ని. మీ కొత్త కంపెనీకి వెరిఫికేషన్ చేసేది మేమే. జర రెండు నిమిషాలు మాట్లాడొచ్చా?"

ఆ ఫోన్ కోసమే ఆమె వారం నుంచి ఎదురుచూస్తోంది. ఎనిమిదేళ్లు పనిచేసిన చిన్న కంపెనీ ఈ వేసవిలో మూతపడింది. కొత్తచోట ఇంటర్వ్యూలన్నీ అయిపోయాయి. మిగిలింది పాత ఉద్యోగాల గురించి వాకబు చేసే ఈ వెరిఫికేషన్ ఒక్కటే.

"అంతకుముందు నానక్‌రామ్‌గూడల చేసిన్రు కదా మేడమ్, ఆ కంపెనీ రిపోర్ట్‌ల ఒక రిమార్కు ఉన్నది. 'గర్భం పోయిన తర్వాత మానసికంగా స్థిరంగా లేరు. ఒత్తిడి ఉండే బాధ్యతలు ఇవ్వరాదు' అని. దీనికి మీరేమన్న చెప్తరా?"

ఉమాశ్రీ బండి దగ్గర్నుంచి పక్కకు జరిగింది. కన్నతల్లికి కూడా పూర్తిగా చెప్పుకోని సంగతి అది. దాన్ని ముక్కూ మొహం తెలియని అబ్బాయి నడిబజారులో ఆమెకే చదివి వినిపిస్తున్నాడు.

"అది రాసిందెవరండీ?"

"నాకు తెల్వదు మేడమ్. వాళ్లు పంపిన్రు, నేను అడుగుతున్న."

కూరలు అక్కడే వదిలేసి ఇంటికి వచ్చేసింది.

పదకొండేళ్ల కిందటి మాట. ఆరో నెలలో బిడ్డ పోయింది. నిద్ర పట్టేది కాదు, తిండి సయించేది కాదు. రెండు నెలలు సెలవు కావాలంటే డాక్టర్ సర్టిఫికెట్ తెమ్మని ఆఫీసు పట్టుబట్టింది. తెచ్చిచ్చింది. విశ్రాంతి అవసరమని, మందులు వాడుతోందని మాత్రమే డాక్టరమ్మ రాసింది. 'స్థిరంగా లేరు' అన్న మాట అందులో ఎక్కడా లేదు. తిరిగి వచ్చి అదే కంపెనీలో మరో మూడేళ్లు పనిచేసింది. ఒక పెద్ద బ్యాంకు ప్రాజెక్టు మొత్తం తన టీముతో గట్టెక్కించి ప్రమోషన్ తెచ్చుకుంది.

భర్త వెంకట్ సంగతంతా విని నిట్టూర్చాడు. "పాత విషయం కదా ఉమా. అప్పుడలా ఉండేది, ఇప్పుడు బాగున్నానని ఒక ముక్క రాసిచ్చెయ్. గొడవెందుకు?"

"బిడ్డ పోతే ఏడ్చాను వెంకట్. దానికి నేను సంజాయిషీ రాసివ్వాలా?"



మర్నాడు పొద్దున్నే నానక్‌రామ్‌గూడలోని ఆ పాత ఆఫీసుకు వెళ్లింది. హెచ్ఆర్ పెద్ద రామబ్రహ్మం ఆమెను గుర్తుపట్టి గాజు గదిలో కూర్చోబెట్టాడు. కాఫీ తెప్పించాడు. పక్కన ల్యాప్‌టాప్ పెట్టుకుని భవాని అనే ఉద్యోగిని కూర్చుంది.

"మీకు తెలియనిదేముందండీ," అన్నాడు ఆయన తాపీగా. "కంపెనీ అన్నాక రికార్డులు ఉంచాలి. రేపు ఆడిట్ వాళ్లు అడుగుతారు, కోర్టు అడుగుతుంది."

"జీతం లెక్కలు ఉంచండి, పీఎఫ్ లెక్కలు ఉంచండి, నేను కాదన్నానా? నా కడుపు సంగతి ఏ ఆడిటరుకు కావాలండీ?"

"అది మేం కావాలని..."

"రెండు నెలల కిందట నా ప్రమోషన్ లెటర్ కాపీ ఇమ్మని మీకు మెయిల్ పెట్టాను. మానేసి ఏడేళ్లు దాటింది కాబట్టి తీసేశామని జవాబిచ్చారు. నా ప్రమోషన్‌కు ఏడేళ్లు, నా ఏడుపుకు పదకొండేళ్లా?"

రామబ్రహ్మం భవాని వైపు చూశాడు. ఆమె నెమ్మదిగా చెప్పింది. "సార్, అప్రైజల్స్, ప్రమోషన్ లెటర్లు పాత సర్వర్ల ఉండె. అది తీసేసిన్రు. సెలవులది, అప్పటి మేనేజర్ రిమార్కుతోటి, వేరే సిస్టమ్ల ఉన్నది. దాన్ని ఇంతవరకు ఎవ్వరూ ముట్టుకోలె."

అంతే. ఎవరో పగబట్టి దాచింది కాదు. ఉంచాలా తీసెయ్యాలా అని ఎవరూ ఒక్క నిమిషం ఆలోచించలేదు, అంతే. పగ అయినా కాస్త నయమనిపించింది ఉమాశ్రీకి.

"ఆ మాట తీసెయ్యండి. అది డాక్టరు రాసింది కాదని, పంపడం మీ తప్పని వెరిఫికేషన్ వాళ్లకు మెయిల్ పెట్టండి. నేను కూర్చుంటాను."

"హెడ్డాఫీసు పర్మిషన్ కావాలండీ. కొంచెం టైము పడుతుంది."

"పంపేటప్పుడు ఎవరి పర్మిషన్ తీసుకున్నారు? నన్నడిగారా?"

"మీరు మరీ ఎమోషనల్ అవుతున్నారు."

ఉమాశ్రీ కాఫీ కప్పు పక్కకు జరిపింది. "ఇదీ రాసిపెట్టుకోండి. ఇంకో పదకొండేళ్లు దాచుకోండి."

భవాని ల్యాప్‌టాప్ సగం మూసింది.

"సార్, నిరుడు నేను కూడా సెలవు పెట్టిన కదా, ఆపరేషన్ అయినప్పుడు. నాదాంట్ల ఏం రాసిన్రో నాకు తెల్వదు. మీదాంట్ల ఏమున్నదో మీకు తెలుసా సార్?"

రామబ్రహ్మానికీ రెండేళ్ల కిందట గుండెకు స్టెంట్ వేశారని ఆఫీసులో అందరికీ తెలుసు. ఆయన గడ్డం రుద్దుకుని, "మెయిల్ పెట్టమ్మా," అన్నాడు భవానితో. "నా పేరు మీదే పెట్టు."

మెయిల్ వెళ్లిందని కళ్లారా చూసుకున్నాకే ఉమాశ్రీ లేచింది. కింద షేర్ ఆటోలో కూర్చుని పాత ఉద్యోగుల వాట్సాప్ గ్రూపులో జరిగిందంతా రాసింది. ఎప్పుడూ పండగ శుభాకాంక్షలు తప్ప మరేమీ కనిపించని గ్రూపది. ఆ సాయంత్రానికల్లా నా ఫైలు చూపించండని చాలామంది కంపెనీకి రాశారు. తెప్పించుకుని చూస్తే ఒకాయన ఫైల్లో తమ్ముడి పోలీసు కేసు ఉందట. ఒకామె ఫైల్లో ఆమె విడాకుల సంగతి ఉందట. నెల తిరగకుండానే సెలవుల తాలూకు ఆరోగ్య, కుటుంబ వివరాలన్నీ తీసేస్తున్నామని కంపెనీ ప్రకటించింది. క్షమించమని మాత్రం ఎవరూ అనలేదు.

రాకేశ్ మళ్లీ ఫోన్ చేశాడు. "క్లియర్ అయింది మేడమ్. ఫికర్ చెయ్యకుండ్రి."

కొత్త ఆఫీసులో చేరిన రోజు వర్షిత అనే అమ్మాయి సంతకాల కోసం కాగితాలు ముందు పెట్టింది. వాటిలో ఒకటి గతంలో వచ్చిన జబ్బులన్నీ రాయమంది.

"ఇది ఎన్నాళ్లు ఉంచుతారమ్మా? ఎవరెవరు చూస్తారు?"

వర్షిత తెల్లబోయింది. "ఇంతవరకు ఎవరూ అడగలేదు మేడమ్."

"నేనడుగుతున్నాను. కనుక్కుని చెప్పు."

మధ్యాహ్నం దాటాక తిరిగొచ్చింది. "అట్లాంటి రూల్ ఏం లేదంట మేడమ్. మీరు నింపుతే చాలన్నరు."

ఉమాశ్రీ తక్కిన వాటన్నిటి మీద సంతకాలు చేసింది. ఆ ఒక్క కాగితం మాత్రం మడతపెట్టి వర్షితకే తిరిగిచ్చింది. "రూల్ రాసుకున్నాక తీసుకురండి. అప్పుడు ఆలోచిస్తాను."