తాగు బావా

అరసవల్లిలో ఆ లాడ్జి మేడమీది గదికి, ఆటోల హారన్లు వినబడకుండా, కిటికీలన్నిటికీ దుప్పట్లు కట్టేశారు. మైకులో చప్పుడు పడుతుందని ఫ్యాను కూడా ఆపేశారు. ఆ ఉడుకులో నిలబడి, తన చావు ఏ పేజీలో ఉందోనని కాగితాలు తిరగేస్తోంది రాజకుమారి. నాలుగో పేజీలోనే కనబడింది.

ఫోన్లలో వినే ఆ సాహస సీరియల్లో ఆమెది పనిమనిషి గొంతు. నౌపడ యాస వినగానే జనం నవ్వుతారని రచయిత చంద్రశేఖరం పెట్టిన పాత్ర. ఈవేళ విషకన్య మోహిని హీరో కోసం కలిపిన సర్బత్తు రుచి చూసి ఆ పనిమనిషి చచ్చిపోతుంది. రేపట్నుంచి రాజకుమారికి ఇక్కడ పనిలేదు.

సరిగ్గా అప్పుడే మోహినికి గొంతిచ్చే రాగసుధ విజయనగరం నుంచి మెసేజ్ పెట్టింది. జలుబుచేసి మాటే రావడం లేదట. ఐదింటికల్లా భాగం పంపెయ్యాలి.

"మోహినిని నాను సెప్తాను, మేష్టారూ," అంది రాజకుమారి.

హీరో గొంతు గురుప్రసాద్‌ది. అతను కిసుక్కున నవ్వాడు. "మోహినంటే మత్తెక్కించాల. ఉప్పుమడికాడ కేకేసినట్టు కాదు."

చంద్రశేఖరం తన సీరియళ్లలో ఇంతవరకూ పదహారుమంది విషకన్యల్ని పుట్టించాడు. అందరికీ అదే నల్లచీర, అదే పాము ఉంగరం, అవే పుస్తకం మాటలు. ఒక్కో కథ ముగిసేముందు, హీరో మీదకొచ్చిన తూటాకి అడ్డంపడి అందరూ పోయారు. ఇప్పుడు వేరే దారి లేక సరేనన్నాడు.

రాజకుమారి ముందు పనిమనిషిగా సర్బత్తు తాగి చచ్చింది. తర్వాత మోహిని కాగితం అందుకుని, రాగసుధలాగే గొంతు సాగదీసి, "ఈ మధుర పానీయాన్ని స్వీకరించు, ప్రియా" అని చదివింది. బస్టాండు మైకులో విశాఖ బస్సు వచ్చిందని చెప్పినట్టుంది. గురుప్రసాద్ పెదవి కొరుక్కున్నాడు. చంద్రశేఖరం చెయ్యి రికార్డింగు ఆపే మీట మీదకు వెళ్లింది.

"ఇంకొక్కపాలి, మేష్టారూ."

ఆమె కాగితం కిందపెట్టేసింది. మైకు దగ్గరగా జరిగింది. ఎండనపడి ఇంటికొచ్చిన మనిషిని అడిగినట్టు, మెల్లగా అడిగింది.

"ఏటి బావా, అలా సూస్తన్నావు? నానేటి, పామునా? తాగు. సల్లగుంటాది."

కాగితం ప్రకారం గురుప్రసాద్ గ్లాసు విసిరికొట్టి, నీ వలలో పడనని గర్జించాలి. గర్జించలేదు. ఎదురుగా ఉన్న స్టీలు గ్లాసు ఎత్తి, నీళ్లు గటగటా తాగేశాడు. గుటకలన్నీ మైకులో పడ్డాయి.

"ఏట్రా, తాగేశావు?" అన్నాడు చంద్రశేఖరం.

"ఆవిడ తాగమంది కదండీ."

చంద్రశేఖరం దాన్ని రెండుసార్లు వెనక్కి తిప్పి విన్నాడు. వెంటనే ఎర్రపెన్ను తీశాడు. కాగితం మీద హీరో సర్బత్తు తాగేసి పడవలోనే మూర్ఛపోయాడు. అతని దగ్గరున్న నిధి పటం మోహిని కొంగుకు చేరింది. తర్వాతి భాగంలో ఆమెకోసం రాసిపెట్టుకున్న తూటాను అడ్డంగా కొట్టేశాడు.

"మరి పనిమనిసి?" అడిగింది రాజకుమారి.

"దాన్ని నువ్వే కదమ్మా చంపావు. ఇక సీరియల్ ఎన్నాళ్లుంటే నీ గొంతుతో మోహిని అన్నాళ్లుంటుంది."

నాలుగోరోజు సాయంత్రం శ్రీకాకుళంలో ఆమె ఎక్కిన ఆటోలో డ్రైవరు ఫోను ఆ భాగాన్నే వినిపిస్తోంది. గుటకల దాకా విననిచ్చి, రాజకుమారి కాస్త ముందుకు వంగింది.

"ఏడు రోడ్ల కాడ ఆపు, బావా."

బ్రేకు కీచుమంది. డ్రైవరు అద్దంలోంచి ఆమెనే చూస్తూ, పక్కనున్న మంచినీళ్ల సీసాను నెమ్మదిగా ఆమెకు అందనంత దూరం జరిపాడు.