ఖాళీ ట్రిప్పు

బావ నడుస్తున్నాడంటే ఆరాలమ్మ మొదటిరోజు నుంచీ నమ్మలేదు.

నమ్మకపోవడానికి ఆవిడకి కారణాలు లేకపోలేదు. బావ ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ దూరప్రాంతాల బస్సు నడిపిన మనిషి. డ్రైవరు సీటు దిగితే కుర్చీ, కుర్చీ దిగితే మంచం. మధ్యలో నేల ఒకటి ఉంటుందన్న సంగతి ఆయన పెద్దగా పట్టించుకోలేదు. వీధి చివర పాల ప్యాకెట్టుకి స్కూటరు తీసేవాడు. పెరట్లో ఆరేసిన తువ్వాలు తెచ్చుకోమంటే, "అక్కడ పార్కింగుందా?" అని అడిగేవాడు. అలాంటివాడు అక్క పోయిన ఏడాదికి, తను రోజూ బస్సు నడిపిన రూటునే, డిపో నుంచి రేవు పట్నం దాకా కాలినడకన పూర్తిచేస్తానని ప్రకటించాడు. దానికొచ్చే చందాలతో అక్క చివరి రోజులు గడిపిన వార్డులో ప్రతి మంచం పక్కనా ఒక వాలుకుర్చీ వేయిస్తాడట.

కుర్చీల అవసరం గురించి ఎవరికీ అనుమానం లేదు. ఆ వార్డులో రోగికి మంచం ఉంది గానీ, రోగి మనిషికి కూర్చునే చోటు లేదు. మంచం అంచున ఒదిగి కూర్చుంటే నర్సు కసిరేది. ఆరాలమ్మా, బావా గోడకి జారబడి నిలబడేవారు. "ఇద్దరూ బస్టాండులో నిలబడ్డట్టు ఏం నిలబడతారు, వెళ్ళండి" అని అక్క మంచం మీద నుంచి నవ్వేది. కుర్చీలు రావాలి. అనుమానమల్లా నడక మీదే.

ఆరాలమ్మ అనేది అక్క పెట్టిన పేరు. చిన్నప్పుడు ఇంటికి ఎవరొచ్చినా ఎక్కడ నుంచి, ఎందుకు, ఎప్పుడు పోతారు అని ఆరా తీసేదని అలా పిలిచింది. తర్వాత ఆరాలమ్మ చదువుకుంది, డిగ్రీ తెచ్చుకుంది, కళ్ళద్దాల దుకాణం ఉన్నాయన్ని పెళ్ళి చేసుకుంది. పేరు మాత్రం వదల్లేదు, పనీ వదల్లేదు.

ఇప్పుడు ఆరా తీయడానికి ఇంకో గట్టి కారణం ఉంది. తాముండే ఫ్లాట్లలో ఇల్లిల్లూ తిరిగి చందాలు పోగుచేసింది ఆవిడే. "నా మాట మీద ఇవ్వండి" అని మరీ అడిగింది. పైగా బావ వేసుకున్న పసుపు రంగు కోటుకి వెనకవైపు అక్క పేరు పెద్ద అక్షరాలతో కుట్టించారు. రేపు ఏదైనా తేడా వస్తే బావ పరువు సంగతి బావ చూసుకుంటాడు. వీపు మీద ఉన్నది మాత్రం అక్క పేరు. నలుగురూ నవ్వితే ఆ పేరు చూసి నవ్వుతారు.

తేడా వస్తున్నట్టే ఉంది. బావ ఏ ఊరికీ అనుకున్న రోజుకి చేరడం లేదు. ఫోను చేస్తే వెనకాల ఇంజను మోత వినిపిస్తోంది. రోడ్డు మీద నడిచేవాడికి ఇంజన్లు కాక కోయిలలు వినిపిస్తాయా అని ఆవిడ భర్త అన్నాడు. అదీ నిజమే అనుకుని ఊరుకుంది. తర్వాత ఒక ఫొటో పంపాడు. హోటల్లో బల్ల మీద రెండు టీ గ్లాసులు. ఎదుటి కుర్చీ ఖాళీ.

"రెండో గ్లాసు ఎవరిదంటారు?" అంది భర్తతో.

"మా తోడల్లుడికి దాహం వేసుంటుంది."

"దాహానికి టీ తాగుతారా ఎవరైనా?"

"నువ్వు అడిగే పద్ధతి చూస్తే నాకే తాగాలనిపిస్తోంది" అని ఆయన ఒక ఫ్రేముకి స్క్రూ బిగించుకుంటూ కూర్చున్నాడు.

ఆ పైన ఇంకో ఫొటో వచ్చింది. ఒకవైపు మాత్రమే రంగు ఊడిపోయిన నీళ్ళ ట్యాంకు పక్కన నిలబడి బావ చెయ్యి ఊపుతున్నాడు. ఆరాలమ్మ వేలితో సాగదీసి చూసింది. అంతకుముందు పంపిన మరో ఫొటోలోనూ ఇదే ట్యాంకు, అదే ఊడిన రంగు. ముందుకి నడిచే మనిషి ఒకే ట్యాంకు దగ్గర రెండుసార్లు ఎలా ఉంటాడు? ఫొటోలన్నీ ఒకేరోజు తీసిపెట్టుకుని విడతలుగా వదులుతున్నాడన్నమాట.

ఇంత జరిగినా ఇది ఇంటి గుట్టుగానే ఉండేది, మందుల షాపాయన చూడకపోతే.

ఆయన ఫ్లాట్ల కమిటీలో మెంబరు. తలనొప్పి మాత్రలు కవర్లో వేసిస్తూ గొంతు తగ్గించాడు. "అమ్మా, మీ బావగార్ని చూశాను. బస్సులో. కిటికీ పక్క సీట్లో నోరు తెరుచుకుని నిద్రపోతున్నారు. ఆ పసుపు కోటే. పొరపాటు పడే ప్రశ్నే లేదు."

"ఎటు వెళ్ళే బస్సండీ?"

"ఎటు వెళ్ళేదైతే ఏమిటమ్మా? బస్సు బస్సే కదా. ఆదివారం మీటింగులో అడుగుతారు. మీరే చెప్పుకోవాలి మరి."

ఆ మాత్రలు ఆరాలమ్మే వేసుకుంది.

మర్నాడు పొద్దున్నే తయారైంది. తలమీదుగా శాలువా కప్పుకుంది. భర్త దుకాణంలోంచి పెద్ద నల్ల కళ్ళద్దాలు తీసి పెట్టుకుంది. ఆయన పైనుంచి కిందికి చూసి, "దొంగని పట్టుకోవడానికి వెళ్తున్నావా, దొంగతనానికా?" అన్నాడు.

"ఫ్రిజ్‌లో అన్నీ ఉన్నాయి, వేడి చేసుకోండి."

"దొరికితే ఏం చేస్తావు?"

రాత్రంతా ఆవిడ అదే ఆలోచించింది. దొరికితే ఆ కోటు విప్పించి తెచ్చేయాలి. అంతకుమించి తోచలేదు.

బస్సులో కూర్చుని దారంతా రోడ్డు మీద పసుపు చుక్క కోసం వెతికింది. రంగు ఊడిన ట్యాంకు వచ్చింది, వెళ్ళింది. మనిషి లేడు. తర్వాతి ఊరి బస్టాండులో దిగి పుస్తకాల కొట్టు చాటున నిలబడింది. కొట్టువాడు రెండుసార్లు ఏం కావాలని అడిగాడు. మూడోసారి అడిగేలోపల బావ కనిపించాడు.

సన్నబడ్డాడు. ఎండకి మొహం కమిలింది. మెడలో తువ్వాలు, చేతిలో నీళ్ళ సీసా. కుంటుతున్నట్టు కూడా ఉన్నాడు. ఒక్క క్షణం జాలేసింది. మరుక్షణం ఆయన ఎంతో అలవాటైన కాలితో ఒక బస్సు ముందు తలుపులోంచి ఎక్కి కూర్చున్నాడు.

జాలి అక్కడే దిగిపోయింది. బస్సు కదులుతుంటే ఆరాలమ్మ వెనక తలుపులోంచి ఎక్కేసింది. బోర్డు చూసే తీరిక లేదు. కండక్టరు ఎక్కడికని అడిగితే, "ఆ పసుపు కోటాయన ఎక్కడ దిగితే అక్కడికి" అంది. కండక్టరు ఆవిడ కళ్ళద్దాలకేసి, ఆ తర్వాత బావకేసి చూసి, తనకెందుకులే అన్నట్టు టికెట్టు చింపాడు.

బావ పడుకోలేదు. ముందు సీట్లో నిటారుగా కూర్చుని రోడ్డు చూస్తున్నాడు. ఆయన వీపు మీద అక్క పేరు సీటు పైనుంచి సగం కనిపిస్తూ బస్సు కుదుపులకి ఊగుతోంది. ఆరాలమ్మ పళ్ళు కొరుక్కుంది. పొద్దున్న తను చూసిన టైర్ల షాపు కిటికీలోంచి వెళ్ళింది. ఆ తర్వాత స్కూలు గోడ. ఆ తర్వాత పొద్దున్న కట్టేసి కనిపించిన గేదె, అక్కడే, అలాగే.

అప్పుడు వెలిగింది. బస్సు వెనక్కి వెళ్తోంది.

ఆవిడ అనుమానాలన్నీ సీట్లో ఒక్కసారి సర్దుకుని కూర్చున్నాయి. మోసం చేసేవాడు బస్సెక్కి ముందుకి పోవాలి. నడిచినదాన్ని వదులుకుని వెనక్కి పోయే మోసం ఏ రకం మోసం? ఆ రెండో టీ గ్లాసు మనిషి ఇటువైపు ఉంటుందా?

రంగు ఊడిన ట్యాంకు దగ్గర బావ దిగాడు. వెనక తలుపులోంచి ఆరాలమ్మా దిగింది. బస్సు వెళ్ళిపోయాక రోడ్డు మీద వాళ్ళిద్దరే మిగిలారు. బావ వెనక్కి తిరక్కుండానే అన్నాడు.

"ఆరాలమ్మా, ఆ కళ్ళద్దాలకి ధర చీటీ వేలాడుతోంది."

"ఎప్పుడు చూశారు?"

"ఎక్కినప్పుడే. డ్రైవరు అద్దంలోకి చూడకుండా కూర్చోవడం నాకు చేతకాదు. ఎంత బాగా దాక్కున్నావో అని మెచ్చుకుంటున్నాను కూడా."

ఆవిడ అద్దాలు తీసి సంచిలో పడేసింది. "మెచ్చుకోలు తర్వాత. మందుల షాపాయన మిమ్మల్ని బస్సులో చూశాడు. ఆదివారం మీటింగు పెడుతున్నారు. అక్క పేరు వీపున కట్టుకుని బస్సుల్లో ఊరేగుతుంటే నేనేం చెప్పాలి అందరికీ?"

"వెనక్కి వస్తున్నానని చెప్పు."

"అదే ఎందుకని."

బావ రోడ్డు పక్క రాతి మీద కూర్చుని బూటు లేసు విప్పి మళ్ళీ కట్టుకున్నాడు. చెప్పడానికి సిగ్గుపడుతున్నట్టున్నాడు. "నిన్న ఇక్కడి నుంచి ఆ బస్టాండు దాకా నడిచాను. మొన్నా నడిచాను. రెండుసార్లూ దారంతా ఈ బొటనవేలి పొక్కు గురించే ఆలోచించాను. మీ అక్క ఒక్కసారి కూడా గుర్తు రాలేదు."

"అయితే?"

"ఖాళీ ట్రిప్పు అమ్మాయ్. బండిలో ప్యాసింజరు లేకుండా ఎంత దూరం తిప్పుకొచ్చినా మా డిపోలో ట్రిప్పు కింద రాయరు. ఆమె కోసం నడుస్తున్నానని అందరికీ చెప్పి, ఆమె లేకుండా నడిచేస్తే ఎలా? అందుకే మళ్ళీ మొదటికొచ్చి నడుస్తున్నాను."

ఆరాలమ్మ ఆయన మొహంలోకి చాలాసేపు చూసింది. ఇంత తలతిక్క కథ అల్లగల తెలివి బావకి ఉందా అని కొలిచింది. లేదనే తేలింది. అయినా అంత తేలిగ్గా వదిలే మనిషి కాదు.

"మరి ఆ రెండో టీ గ్లాసు?"

"రెండూ నేనే తాగాను."

"ఒకటి అక్క వంతా?" అంది, గొంతు కొంచెం మెత్తబడి.

"కాదు, తలనొప్పి."

ఇది కూడా నిజమే అయ్యుంటుంది. అబద్ధమాడేవాడైతే అక్క వంతే అనేవాడు.

"సరే, లేవండి. నేనూ వస్తాను. ఇవాళ ఏం గుర్తు చేసుకుంటారో పైకి చెప్పండి, వింటాను."

లేచాడు, నడిచాడు, ఏమీ చెప్పలేదు. లారీలు పోతున్నాయి. ట్యాంకు చిన్నదైంది. ఆరాలమ్మ అనుమానం మళ్ళీ తల ఎత్తుతుండగా ఆయన అన్నాడు. "అదే ఇబ్బంది. అయిపోయాయి."

"ఏం అయిపోయాయి?"

"మీ అక్క. నేను ఇంట్లో ఉన్నదెంత? ఒకరాత్రి రోడ్డు మీద, ఒకరాత్రి నిద్రలో. తలుపు తీసేది, అన్నం పెట్టేది, ఫ్యాను తగ్గించనా అనేది. నా దగ్గరున్న సరుకు అంతే. మొదట్లో బాగానే సరిపోయింది. తర్వాత వాడినవే మళ్ళీ వాడాను. వాడినవి వాడితే మనసు నిలవదు, పొక్కు మీదికి పోతుంది." ముందున్న రోడ్డుకేసి చూశాడు. "రేవు ఇంకా చాలా దూరం ఉంది."

ఆరాలమ్మకి ఆయన మీద ఏళ్ళ తరబడి దాచుకున్న కోపం ఒకటుంది. పిల్లలు లేని ఇంట్లో అక్కని ఒంటరిగా వదిలి రోడ్లు పట్టుకు తిరిగాడని. ఎప్పుడో ఒకప్పుడు మొహం మీదే అనేయాలని మాటలు కూడా సిద్ధం చేసుకుంది. ఇప్పుడు ఆ మాటలన్నీ ఆయనే ఒక్కొక్కటిగా అప్పజెప్పేసరికి, అనడానికి తనకేమీ మిగల్లేదు.

శాలువా తల మీంచి భుజం మీదికి దించుకుంది. తర్వాత అడిగింది. "అక్క మోచేతి మీద మచ్చ గుర్తుందా?"

"ఎందుకు లేదు? బాత్రూంలో జారిపడింది."

"బాత్రూమూ లేదు, జారడమూ లేదు. సైకిలు మీద నుంచి పడింది. మీ బస్సు డిపో దాటగానే స్కూలు మైదానంలో నేర్చుకునేది. నేను వెనకాల పట్టుకునేదాన్ని."

బావ ఆగిపోయాడు. "సైకిలా? మీ అక్కా?"

"స్కూటరు నేర్చుకోవాలంటే ముందు సైకిలు రావాలట."

"ఏ స్కూటరు?"

"మీకు ఎన్ని స్కూటర్లున్నాయి బావా? పెట్రోలు తొందరగా అయిపోతోందని మీరు ఇద్దరు మెకానిక్కుల్ని మార్చారు చూడండి, ఆ స్కూటరే."

"ఆ రెండో మెకానిక్కుతో నేను పోట్లాడాను కూడా. నువ్వే తాగేస్తున్నావురా పెట్రోలు అన్నాను."

"తెలుసు. ఆ రోజు అక్క నాకు ఫోను చేసి, నవ్వలేక ఏడ్చింది."

బావ నడక అందుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. నవ్వో, మరొకటో, ఆరాలమ్మ ఆరా తీయలేదు. కొంత దూరం పోయాక, "ఎక్కడికి వెళ్ళేది?" అని మాత్రం అడిగాడు.

చెప్పింది. ఊరి బయట వంతెన దాకా వెళ్ళి, తిరిగొచ్చే బస్సుల్లో మీ బస్సు ఏదో చూసి, మీకంటే ముందు ఇల్లు చేరి, ఏమీ ఎరగనట్టు తలుపు తీసేది. బావ పొక్కున్న కాలు కుంటడం మానేసింది.

మధ్యలో మందుల షాపాయన ఫోను చేశాడు. ఆరాలమ్మ నడుస్తూనే మాట్లాడింది. "మీరు చూసింది నిజమేనండీ. బస్సులోనే ఉన్నారు. నేనూ కళ్ళారా చూశాను. కాకపోతే వెనక్కి వస్తున్నారు. నడిచింది నచ్చక మళ్ళీ నడుస్తున్నారు. లేదండీ, ఎండదెబ్బ కాదు. ఆదివారం మీటింగు మానేసి అందరూ ఇక్కడికి రండి, పక్కన నడిచి చూసుకోండి. నేనా? నేను రేవు దాకా ఉంటాను." ఆ చివరి మాట నోట్లోంచి వచ్చాకే ఆవిడకీ తెలిసింది.

టైర్ల షాపు దగ్గరికి వచ్చేసరికి ఆ రోజుకి ఆవిడ దగ్గర సరుకు కూడా పలచబడింది. బస్టాండు ఇంకా కొంత దూరం ఉంది. బావ ఎదురుచూస్తున్నాడు. అందుకని చెప్పింది: స్కూల్లో ఉపన్యాసాల పోటీకి అక్క స్టేజీ ఎక్కి, సభకు నమస్కారం అన్న తర్వాత అంతా మర్చిపోయి, మళ్ళీ సభకు నమస్కారం అని, ఇంకోసారి కూడా అని, కిందికొచ్చి కూర్చుందని. వినయానికి ప్రత్యేక బహుమతి ఇచ్చారని.

బావ నాలుగడుగులు వేసి ఆగాడు. పక్కకి తిరిగి ఆవిడని పరీక్షగా చూశాడు, అద్దంలో వెనక సీటు చూసినట్టు.

"ఇది మీ అక్కేనా? ఈ పోలికలు ఎవరివో నాకు తెలిసినట్టే ఉన్నాయి."

"నన్ను అనుమానిస్తారా బావా?" అంది ఆరాలమ్మ, రోడ్డు చూస్తూ.

ఆయన ఇంకాసేపు చూశాడు. తర్వాత పసుపు కోటు సర్దుకుని, "ప్యాసింజర్ని ఎక్కించుకున్నాక దించనులే. పద" అన్నాడు.