కార్డులో మూడో పేరు

కార్డులమ్మ అసలు పేరు బడిలో ఎవరికీ గుర్తు లేదు. హెడ్మాస్టరు ఎదురుగా ఉంటే "అమ్మా" అంటాడు, వెనకాల అందరిలాగే అంటాడు. ఆఫీసు గుమాస్తాగా ఆమెకు ఇరవయ్యారేళ్ల సర్వీసు. అందులో పదకొండేళ్లుగా ఆమె ఒళ్లో ఒక రేకుపెట్టె ఉంది. అందులో పిల్లకొక కార్డు, కార్డుకు మూడు పేర్లు. అనుకోని ఆపద వస్తే పిల్లల్ని ఆ ముగ్గురిలో ఒకరికే అప్పగిస్తారు, అదీ ఫొటో ఉన్న గుర్తింపు కార్డు చూశాకే. ఒకసారి బడి యజమాని సొంత తమ్ముడొచ్చి పిల్లాణ్ణి పంపమంటే, పేరు లేదని ఎండలో అరగంట నిలబెట్టింది. ఆయన చిందులు తొక్కాడు. ఆమె నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని రిజిస్టరులో గీతలు గీసుకుంది.

మొహమాటం ఆమె ఒంట్లోనే లేదు. ఉండుంటే కొడుకూ కోడలూ వేరు కాపురం పెట్టేవాళ్లు కాదేమో. పెట్టి ఆరు నెలలైంది. నాలుగు వీధుల అవతల, ఒక దర్జీ కొట్టు పైన రెండు గదులు. తప్పంతా కోడలిదేనని కార్డులమ్మ తీర్మానించుకుంది. కోడళ్లున్నది అందుకే కదా.

బడి తెరిచిన వారంలో తల్లిదండ్రులకు మీటింగు పెట్టారు. ఏదైనా జరిగితే బండ్లు సందులోకి తేవద్దు, ఆఫీసుకు ఫోన్ల మీద ఫోన్లు చేయొద్దు, వెనక గేటు దగ్గర వరుసలో నిలబడండి, గుర్తింపు కార్డు మర్చిపోవద్దు అని కార్డులమ్మ గుక్క తిప్పుకోకుండా చెప్పింది. వినడానికి వచ్చింది పదకొండుమంది. గోడ అవతల రంగుల గోడౌను అంటుకున్న రోజు మాత్రం మూడువందలమంది వచ్చారు, బండ్లేసుకుని మరీ.

పొద్దున పదకొండింటికి మొదలైంది పొగ. మంట బడి మీదికి రాలేదు గానీ, నల్లటి పొగ గదుల్లోకి తిన్నగా వచ్చి కూర్చుంది. టీచర్లు పిల్లల్ని వరుసలు కట్టించి వెనక ఆటస్థలానికి నడిపించారు. సాధన చేసినట్టే, తోసుకోకుండా, ఏడవకుండా నడిచారు పిల్లలు. ఏడుపూ తోపులాటా పెద్దవాళ్ల వంతయింది. సందు నిండా బండ్లు. ఫైరింజను వీధి మొదట్లో ఆగిపోయి గంట కొట్టుకుంటూ ఉంది. చివరికి డ్రిల్లు మాస్టారు వెళ్లి ఒక్కొక్క బండినీ పక్కకు తోయించాడు.

కార్డులమ్మ గేటు దగ్గర బల్ల వేయించుకుని పని మొదలుపెట్టింది. పేరు, కార్డు, మొహం, సంతకం. ఆమెకు ఎవరూ చుట్టం కాదు. ఒక తాతగారు మనవడి కోసం వచ్చాడు. కార్డులో ఆయన పేరు లేదు.

"వాడి ముక్కు చూడమ్మా, నా ముక్కు చూడు," అన్నాడాయన.

"ముక్కులు కార్డులో ఉండవండి. మీ అబ్బాయి వస్తున్నాడు, ఆ బెంచీ మీద కూర్చోండి."

ఆయన సణుక్కుంటూ వెళ్లి కూర్చున్నాడు.

అప్పుడే రెండో తరగతి టీచరు ఒక పిల్లను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. కార్డులమ్మ మనవరాలే. ఆమె ముద్దుగా బుడంకాయ అంటుంది. ఆ పిల్లకు ఉబ్బసం. పొగ పడలేదు. పీల్చే మందు రెండుసార్లు ఇచ్చినా ఊపిరి ఈల వేస్తూనే ఉంది.

"పొగ లేని చోటికి తొందరగా పంపాలండీ," అంది టీచరు. "వాళ్లమ్మ ఆసుపత్రి డ్యూటీలో ఉందట, బయలుదేరడానికి గంట పడుతుందట. నాన్న బస్సులో ఊరు దాటిపోయాడట. మూడో మనిషి ఎవరో చూడండి."

మూడో మనిషి ఎవరో చూడాల్సిన అవసరం ఏముందనుకుంది కార్డులమ్మ. నాన్నమ్మ ఉన్నదెందుకు? పెట్టెలో వేళ్లు పెట్టి కార్డు లాగింది. కోడలి గుండ్రటి దస్తూరీ. ఒకటి, తల్లి. రెండు, తండ్రి. మూడు, కింద కొట్టు దర్జీ.

ఆమె కార్డు తిప్పి వెనక వైపు కూడా చూసింది. అక్కడ ఏమీ లేదు.

ఆ దర్జీతో ఆమెకు మాటల్లేవు. ఆఫీసు కిటికీకి పరదాలు కుట్టమంటే ఒకటి మోకాలిదాకా, ఒకటి మడమదాకా కుట్టి పంపిన ఘనుడు. సొంత నాన్నమ్మను కాదని అతగాడి పేరు రాసింది మహాతల్లి. కార్డులమ్మకు ఏడుపొచ్చింది గానీ, వరుసలో ఇంకా నూటయాభైమంది ఉన్నారు.

"నాన్నమ్మా, పోదాం," అంది బుడంకాయ, ఒక్కో మాటకూ ఆగి ఊపిరి తీసుకుంటూ.

హెడ్మాస్టరు వంగి నెమ్మదిగా చెప్పాడు. "మీ మనవరాలే కదమ్మా. తీసుకెళ్లండి, పెట్టె నేను చూస్తాను. ఎవరడుగుతారు?"

"నేనడుగుతాను," అంది కార్డులమ్మ. "దర్జీకి ఫోన్ చేయండి."

బెంచీ మీద తాతగారు ఇదంతా విన్నాడు. కొంచెం పక్కకు జరిగాడు. "ఇక్కడ చోటుందమ్మా," అన్నాడు.

ఆమె కూర్చోలేదు. పిల్లను బల్ల పక్కన కుర్చీలో నిటారుగా కూర్చోబెట్టి, ఎడమ చేత్తో వీపు నిమురుతూ, కుడి చేత్తో కార్డులు తీస్తూ పోయింది. పిల్ల ఊపిరి ఈల వేసినప్పుడల్లా ఆమె చేతిలో కార్డు ఒక్క క్షణం ఆగేది. అంతకు మించి ఎవరికీ ఏమీ కనబడలేదు.

పావుగంటకు దర్జీ రొప్పుకుంటూ పరుగెత్తుకొచ్చాడు. మెడలో కొలతల టేపు, చేతిలో గుర్తింపు కార్డు. బండి తేలేదు. సందులో బండ్లు తేవద్దని పిల్ల తల్లి ముందే చెప్పిందట. పీల్చే మందు ఇంకోటి కొట్లోనే ఉంచిందట. డాక్టరు నంబరు మిషను మీద అంటించిందట. కార్డులమ్మ ఇవన్నీ విని, ఫొటోనూ అతని మొహాన్నీ మూడుసార్లు చూసి, సంతకం పెట్టించుకుంది.

"నిటారుగా ఎత్తుకో," అంది. ఆరేళ్ల తర్వాత అతనితో ఆమె మాట్లాడిన మొదటి మాట అది.

చివరి పిల్లాడు వెళ్లేసరికి నాలుగైంది. పొగ విరిగింది. కార్డులమ్మ గదులన్నీ చూసి తాళాలు వేస్తుంటే కోడలు వచ్చింది, ఆసుపత్రి కోటుతోనే. పిల్ల తేరుకుందనీ, నిద్రపోతోందనీ, పుస్తకాల సంచి తీసుకుపోవడానికి వచ్చాననీ చెప్పింది.

కార్డులమ్మ సంచి ఇవ్వలేదు. కార్డు తీసి ఆమె ముందు పెట్టింది.

"నా పేరెందుకు రాయలేదు?"

"ఇవాళ మీరెన్నింటికి తెమిలారు అత్తయ్యా?"

"ఇప్పుడే. అందరూ పోకుండా నేనెట్లా పోతాను?"

"అదేనండీ. మీరు ఆఖరి పిల్ల వెళ్లేదాకా కదలరు. మీ పేరు రాస్తే ఆ ఆఖరి పిల్ల మాదే అవుతుంది."

"అంటే నన్ను తప్పుపడుతున్నావా?"

"లేదండీ. ఇంతమంది పిల్లలు క్షేమంగా ఇళ్లకు చేరింది మీ వల్లే." కోడలు గొంతు తగ్గించింది. "నేను మీ పేరే రాయబోయాను. మీ అబ్బాయి వద్దన్నారు. ఆయన చదివిందీ ఇక్కడే కదా. బడి వదిలాక, మీరు గదులకు తాళాలేసేదాకా రోజూ ఆ మెట్ల మీద ఒక్కరే కూర్చునేవారట. వాన పడినా, జ్వరమొచ్చినా. పిల్లకు అది వద్దన్నారు. ఇంకేమీ అనలేదు."

కార్డులమ్మ మెట్ల వైపు చూసింది. నాలుగే మెట్లు. పదేళ్లపాటు రోజూ వాటి పక్కనుంచే తాళాల గుత్తి పట్టుకుని నడిచింది. వాడు ఒక్కరోజు కూడా అలగలేదు, అందుకని వాడికి ఏమీ లేదనుకుంది. చాలా బాధేసింది. తగువు పెట్టుకోవడానికి ఎదురుగా కోడలు తప్ప ఎవరూ లేరు, కోడలిది తప్పు కాదు.

"ఇప్పుడు మార్చమంటారా అత్తయ్యా?" అంది కోడలు, పెన్ను తీసి.

కార్డులమ్మ కార్డును రెండో తరగతి పిల్లల కార్డుల్లో పెట్టి పెట్టె మూసింది.

"వద్దులే," అంది. "దర్జీ పావుగంటలో వచ్చాడు."