ముప్పై నాలుగు అంగుళాల నడుము

దర్జీకి తన నడుమంటే మహా గర్వం. పన్నెండేళ్ల కిందటి పెళ్లి ప్యాంటు ఇప్పటికీ సరిగ్గా పడుతోందనీ, అప్పటి ముప్పై నాలుగు ఇప్పటికీ ముప్పై నాలుగేననీ, బట్టలివ్వడానికొచ్చిన ప్రతివాళ్ల దగ్గరా ఊదరగొట్టేవాడు. ఆయన టేపు ఊరందరి నడుములూ చుట్టింది గానీ ఆయనగారి నడుము జోలికి పోలేదు. ప్యాంటు పడుతుంటే కొలవడమెందుకు?

భార్య చెవిలో ఇల్లుకట్టుకుని పోరగా పోరగా చివరికి రక్తపరీక్షకు ఒప్పుకున్నాడు. తోడుగా ఆవిడా చేయించుకుంది. ఇన్సులిన్ మాటను ఒళ్లు ఎంతగా పెడచెవిన పెడుతోందో తేల్చే అంకె అది. చిత్రంగా మొగుడూపెళ్లాలకు ఒకటే వచ్చింది. కానీ ఆ క్లినిక్ పట్టికలో మగవాళ్లకో గీత, ఆడవాళ్లకో గీత ఉన్నాయి. అదే అంకెతో భార్య గీతకు ఇవతలే ఉండిపోయింది, దర్జీ దాటేశాడు.

ఆయనకు ఒళ్లు మండింది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు పట్టికనే తప్పుపట్టాడు. ఒకే అంకెకు పెళ్లాం ఆరోగ్యవంతురాలు, తాను రోగి ఎలా అవుతాడని నిలదీశాడు. ఒకే కొలతతో మగవాళ్ల చొక్కా, ఆడవాళ్ల గౌనూ కత్తిరిస్తారా అని డాక్టరమ్మ నవ్వింది. ఆ డాక్టరమ్మ బట్టలు కుట్టేదీ ఈయనే.

గీత దాటినంత మాత్రాన కొంప మునిగిపోదనీ, రక్తపోటు, కొవ్వు, నడుము కూడా కలిపి చూస్తేనే మెటబాలిక్ సిండ్రోమో కాదో తెలుస్తుందనీ, దాన్ని పట్టించుకోకపోతే చక్కెర జబ్బుకీ గుండెజబ్బుకీ దారితీస్తుందనీ చెప్పింది. మిగతావి అటూ ఇటూగా ఉన్నాయి. ఇక నడుమే తేల్చాలి. ఆవిడ కొలవబోతే దర్జీ చేయి అడ్డుపెట్టి, ముప్పై నాలుగని దర్జాగా చెప్పాడు. కొలతల్లో దర్జీ మాట కాదనేదేముందని ఆవిడ అదే రాసుకుని, అయితే భయం లేదు, ఏడాది తర్వాత రమ్మంది.

భార్యకు గొంతులో పచ్చి వెలక్కాయ పడ్డట్టయింది. చెబితే మొగుడి పరువు పోతుంది, చెప్పకపోతే మొగుడే పోతాడేమో. ఆ రెండో భయమే గెలిచింది.

“అది రాయకండి డాక్టరమ్మా. ఏటా ఈయన గుడ్డలు కొనడానికెళ్లినప్పుడు ఆ ప్యాంటు వెనక కుట్టు విప్పి, కాస్త వదులు చేసి మళ్లీ కుడుతున్నా. బాధపడతారని చెప్పలేదు.”

దర్జీ తెల్లబోయాడు. ఎవరి కుట్టు ఎక్కడ వంకరపోయిందో ఆమడదూరం నుంచి పట్టేసే మనిషి, తాను తొడుక్కునే ప్యాంటు సంగతి కనిపెట్టలేకపోయాడు.

“ఇన్నేళ్లూ దాచినదానివి, ఇప్పుడెందుకు చెప్పావే?” అన్నాడు.

“ఇక వదులు చేయడానికి లోపల గుడ్డ లేదండీ,” అంది, కళ్లు తుడుచుకుంటూ.

దర్జీ మెడలోని టేపు తీసి భార్య చేతికిచ్చి, పొట్ట లోపలికి పీల్చకుండా, చేతులెత్తి నిలబడ్డాడు.