వేడెక్కితే ఆగే బండి

మలుపు సగంలో ఉండగా ఇంజను ఆగిపోయింది.

చప్పుడు లేదు, కుదుపు లేదు. ఒక్కసారిగా స్టీరింగు బిగుసుకుపోయి, రెండు చేతులతో లాగినా మొరాయించింది. బ్రేకు మొదట కాస్త పట్టి, ఆ తరవాత కాలికింద బండరాయి అయిపోయింది. ఎదురుగా మోకాటి ఎత్తు పిట్టగోడ, దాని అవతల నల్లమల లోయ. వెనక సీట్లలో ఒకరి ఒళ్ళో ఒకరుగా ఇరుక్కుని కూర్చున్న చెంచు ఆడవాళ్ళు మాటలు ఆపేశారు.

కృపాకర్ సీటు మీంచి లేచి ఒంటి బరువంతా బ్రేకు మీద వేశాడు. చేతి బ్రేకు లాగాడు. బండి కీచుమంటూ జారి పిట్టగోడకు జానెడు దూరంలో నిలబడింది. వెనకే వస్తున్న సిమెంటు లారీ హారను మోగిస్తూ పక్కనుంచి దూసుకుపోయింది.

"ఏందన్నా, ఏమైంది?" అంది అంకాలమ్మ. పాలు తాగే బిడ్డను అత్త దగ్గర వదిలి వారం కిందటే మిరపకోతకు రావడం మొదలుపెట్టిన పిల్ల అది.

"ఏం లేదమ్మా. వేడెక్కింది. చల్లబడితే స్టార్టయితాది" అన్నాడు. స్టీరింగు మాత్రం ఇంకా వదలకుండా పట్టుకునే ఉన్నాడు.

ముందు సీట్లో కూర్చున్న చెంచమ్మ చూడనే చూసింది. గూడెం ఆడవాళ్ళను పోగుచేసి కోతకు తీసుకొచ్చే పెద్దమనిషి ఆమె. పైట చెంగుతో మొహం తుడుచుకుని లోయ వైపు చూస్తూ కూర్చుంది.

కాసేపటికి ఇంజను ఏమీ ఎరగనట్టే స్టార్టయింది. ఘాటు రోడ్డు దిగి, వాళ్ళను రాచర్ల పక్క మిరప చేలో దించి, కృపాకర్ బండిని నేరుగా గిద్దలూరులో మెకానిక్కు వీరాంజనేయులు షెడ్డుకు తోలాడు. దారి పొడుగునా గేరు మార్చినప్పుడల్లా ఇంజను చప్పుడుకు చెవి ఒగ్గాడు. ఇట్లా ఆగడం ఇదే మొదటిసారి కాదు. ఇంతకుముందు ఓనరు నాగభూషణరావుకు చెబితే, బండి కంప్యూటరుకు స్కానరు పెట్టించి, జబ్బు సంగతి చూడకుండా మీటరులో వెలిగే ఎర్రలైటు ఆర్పించి, "ఇంగ బాగయింది పో" అన్నాడు.

వీరాంజనేయులు బానెట్టు ఎత్తి, బండిని ఎండలో స్టార్టింగులోనే ఉంచాడు. "ఆగేదాకా చూడాల. ఆగకుండా జబ్బు దొరకదు" అన్నాడు.

ఇద్దరూ రేకుల నీడన కూర్చుని ఆ చప్పుడే వింటున్నారు. ఎప్పుడు ఆగుతుందోనని ఒక భయం, ఆగకపోతే జబ్బు దొరకదేమోనని ఇంకో భయం. ఇంజను బాగా కాగాక టప్పున ఆగింది. మెకానిక్కు తాళం తిప్పాడు. ఇంజను గిరగిరా తిరుగుతోందిగానీ అంటుకోవడం లేదు. మీటరులో ఇంజను వేగం చూపే ముల్లు సున్నా దగ్గరనుంచి కదల్లేదు.

"చూసినావా? ఇంజను తిరుగుతాంది. తిరుగుతాందని కంప్యూటరుకు తెలుస్తలేదు. తెలీకపోతే డీజిలు ఇయ్యదు." వీరాంజనేయులు బండికింద దూరి ముందు వైరు కదిపి చూశాడు. లాభం లేదు. తరవాత గేరుబాక్సు పక్కన, ఇంజను తిరగడం పసిగట్టి కంప్యూటరుకు చెప్పే బొటనవేలంత సెన్సారు మీద తడిగుడ్డ వేసి, సీసాలో నీళ్ళు పోశాడు. "ఇప్పుడు తిప్పు."

కృపాకర్ తిప్పాడు. ఒక్క తిప్పుకే అంటుకుంది.

"సెన్సారు పోయింది. వేడికి లోపల తెగిపోతాంది, చల్లబడితే అతుక్కుంటాంది. కొత్తది ఒంగోలు నుంచి రావాల. రేపు మధ్యాన్నం బస్సులో వస్తాది."

"సాయంత్రం వాళ్ళను గూడెం కాడ దించాల గదన్నా! ఘాటు ఎక్కుడు మీద ఆగితే బండి ఎనక్కి పోతాది."

వీరాంజనేయులు ఓనరుకే ఫోను కలిపాడు. షెడ్డు ఉన్న స్థలం కూడా నాగభూషణరావుదే.

కబురందుకుని నాగభూషణరావు మధ్యాన్నం దాటాక స్కూటరు మీద వచ్చాడు. బజారులో హోల్‌సేలు కిరాణా కొట్టు, ఊళ్ళో తిరిగే నాలుగు బాడుగ బళ్ళు ఆయనవి. రైతుల దగ్గర కోత పని ఒప్పుకుని చెంచులను పంపేది కూడా ఆయనే. బండి కిరాయి వాళ్ళ కూలీలోంచే ముందుగా పట్టుకుంటాడు. విషయం అంతా విని, "సెన్సారు రేపు ఏయించుదాం. ఈపొద్దుటికి లైటు ఆర్పి పంపు ఈరాంజనేయులూ" అన్నాడు.

"ఘాటు ఎక్కాల సార్, మనుషులతో" అన్నాడు కృపాకర్.

"ఆగితే కాసేపు నిలబెట్టి మళ్ళా పో. దానికేమైతాది? నీళ్ళ సీసా ఎంట పెట్టుకో."

అంతలో ఆయన ఫోను మోగింది. భార్య జయలక్ష్మి. మార్కాపురంలో చుట్టాలింటికి పోవాలి, షెడ్డులో ఉన్న బండినే ఇంటికి పంపమంటోందని ఈయన మాటల్ని బట్టి తెలిసిపోయింది.

"అది వద్దులే. దాన్ని నమ్మేదానికి లేదు. తెల్లబండి పంపుతా, పిల్లోళ్ళు గూడా ఉండారు గదా" అన్నాడాయన, మామూలుగా, బియ్యం ధర చెప్పినంత మామూలుగా. ఫోను జేబులో పెట్టుకున్నాడు.

వీరాంజనేయులు తల వంచుకుని చేతుల జిడ్డు తుడుచుకుంటున్నాడు. కృపాకర్‌కు ఆ మాట స్పష్టంగా వినిపించింది. బండిని చూసి భయపడేది తానొక్కడేననుకున్నాడు ఇన్నాళ్ళూ. అది ఎంత ప్రమాదమో ఈయనకూ తెలుసు.

"నేను తోలను సార్" అన్నాడు. ఈయన కాదంటే ఊళ్ళో ఇంకో ఓనరు పని ఇవ్వడు. ఇంట్లో భార్య ఎలీషబాకు ఏం చెప్పాలో తెలియదు.

"తోలకపోతే తాళం ఆడ పెట్టి పో. తోలేదానికి అంజయ్య లేడా ఏంది? రేపటినుంచి రావద్దు."

కృపాకర్ తాళం టూల్స్ పెట్టె మీద పెట్టాడు. షెడ్డు దాటి రోడ్డెక్కి, రాచర్ల పోయే ఆటో పట్టుకున్నాడు.

చేలో ఆడవాళ్ళు కోత ముగించి గట్టుమీద చేతులు కడుక్కుంటున్నారు. కృపాకర్ వాళ్ళకు ఉన్నదున్నట్టు చెప్పాడు. నాగభూషణరావు భార్యతో ఫోనులో అన్న మాటా చెప్పాడు.

"మరి మేమెట్ల పోవాలన్నా?" అంది చెంచమ్మ. "ఘాటు బస్సును మా కోసం ఈడా ఆపరు, గూడెం కాడా ఆపరు. చెయ్యెత్తినా చూడనట్టే పోతారు. ఆటోవోళ్ళు పొద్దుగూకితే అడివిలోకి రారు."

తనవల్లే వీళ్ళు దారిలో చిక్కుకుపోతారేమో అనుకున్నాడు కృపాకర్. తన మాట వినక ఎక్కితే పొద్దుటి మలుపు మళ్ళీ వస్తుంది.

బండి రానే వచ్చింది. అంజయ్య దిగకుండానే హారను కొట్టాడు. "ఎక్కండమ్మా, చీకటి పడతాంది." కృపాకర్ వైపు చూసి చూపు తిప్పుకున్నాడు. "నాకు చెప్పొద్దు కిపాకరా. నేను పిల్లలు గలోణ్ణి" అన్నాడు మెల్లిగా.

ఎవరూ కదల్లేదు. ఇంజను చక్కగా తిరుగుతోంది.

అంకాలమ్మ లేచింది. పాలు చేపుకొచ్చి జాకెట్టు ముందుభాగమంతా తడిసింది. పొద్దుననగా వదిలి వచ్చిన బిడ్డ. గబగబా నడిచి వెనక తలుపు తీసింది. ఒక కాలు లోపల పెట్టింది. ఆపుదామని కృపాకర్ నోరు తెరిచాడు. తల్లిని ఏమని ఆపుతాడు?

ఆమె అట్లాగే నిలబడి, పొద్దున తాను ఇరుక్కుని కూర్చున్న సీటును, ఇప్పుడు ఖాళీగా ఉన్నదాన్ని చూసింది. కాలు కిందికి దించింది. తలుపును అద్దాలు అదిరేట్టు వేసింది.

"పిన్నీ, లెయ్" అంది చెంచమ్మతో, ఏడుస్తూనే. "రోడ్డు మీదికి పోదాం. బస్సు ఆపకుంటే అందరం అడ్డం నిలబడదాం. మనల్ని తొక్కిచ్చుకోని పోతాదా?"

చెంచమ్మ కొంగు బిగించి లేచింది. మిగిలినవాళ్ళు ఒక్కొక్కరే సద్ది గిన్నెలు చంకన పెట్టుకుని లేచారు. అంజయ్య హారను మళ్ళీ మోగించాడు. ఎవరూ వెనక్కి తిరగలేదు. కృపాకర్ వాళ్ళ వెనకాలే నడిచాడు. దూరంగా రోడ్డు మలుపులో ఏదో పెద్దబండి లైట్లు కనిపించాయి. బస్సో లారీయో ఇంకా తెలియడం లేదు. ఆడవాళ్ళు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని రోడ్డు మధ్యకు నడిచారు.